వైద్యవిద్యలో కథలకు ఏం పని? తరచుగా అడిగే ప్రశ్నలు

మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ పాఠాలతో పాటు విద్యార్థుల చేత కథలు చదివిస్తున్నామని, వార్డులో చూసిన రోగుల గురించి రాయిస్తున్నామని తెలిసినప్పటి నుంచి రకరకాల ప్రశ్నలు వస్తున్నాయి. విద్యార్థులు అడుగుతారు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతారు, తోటి అధ్యాపకులైతే కాస్త అనుమానంగానే అడుగుతారు. మళ్లీ మళ్లీ వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇదసలు ఏమిటి? కొత్తగా పుట్టుకొచ్చిన సబ్జెక్టా?

అంత కొత్తదేం కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు హెర్షీలో పెట్టిన మెడికల్ కాలేజీలో 1967లోనే హ్యుమానిటీస్‌కు ప్రత్యేకంగా ఒక డిపార్ట్‌మెంట్ ఉంది. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, చిత్రకళ, నాటకం వంటివాటిని డాక్టర్ల శిక్షణలో భాగం చేయడాన్ని మెడికల్ హ్యుమానిటీస్ అంటారు.

అందులో కథ మీద దృష్టి పెట్టే పద్ధతికి నేరేటివ్ మెడిసిన్ అని పేరు. ఆ పేరు, ఆ పద్ధతి బాగా వ్యాప్తిలోకి రావడానికి కారణం న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ డాక్టర్ రీటా షారన్. రోగులు తన దగ్గరికొచ్చి ముఖ్యంగా చేసే పని తమ కథ చెప్పుకోవడమేనని ఆవిడ గమనించారు. ఆ కథ వినడం వైద్యవిద్యలో ఎవరూ నేర్పలేదు కాబట్టి ప్రాక్టీసు చేస్తూనే ఇంగ్లీషు సాహిత్యం చదివి డాక్టరేటు తీసుకున్నారు. 2000లో కొలంబియాలో నేరేటివ్ మెడిసిన్ ప్రోగ్రాం మొదలైంది. 2009 నుంచి అక్కడ దీన్ని మాస్టర్స్ డిగ్రీగా కూడా చదవొచ్చు.

రోగి ఏం చెప్పాడు, ఏది ముందు చెప్పాడు, ఏది దాటేశాడు, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాడు అన్నది పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని వైద్యంలో వాడుకోవడం, ఇదీ ఇందులో నేర్పేది.

ఆరోగ్య ప్రచారం కోసం బుర్రకథలు, కళాజాతాలు పెట్టిస్తారు కదా, అలాంటిదేనా?

కాదు. అక్కడ కథ చెప్పేది మనం, వినేది జనం. ఇక్కడ చెప్పేది రోగి, వినడం నేర్చుకోవాల్సింది డాక్టరు. రెండూ కావలసినవే, కానీ రెండోదాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ.

దీనివల్ల రోగనిర్ధారణ మెరుగవుతుందా? లేక రోగితో మర్యాదగా మాట్లాడటం నేర్పడమేనా?

మర్యాద మంచిదే. కానీ నేను దీన్ని క్లాసులోకి తెచ్చింది మర్యాద కోసం కాదు, డయాగ్నోసిస్ కోసం.

1975లో ఇంగ్లండ్‌లో హాంప్టన్ అనే వైద్యుడి బృందం ఔట్‌పేషెంట్ విభాగానికి కొత్తగా వచ్చిన 80 మందిని పరిశీలించింది. పంపిన డాక్టరు రాసిన ఉత్తరం, రోగి చెప్పిన హిస్టరీ (జబ్బు ఎలా మొదలై ఎలా నడిచిందన్న వివరాలు), ఈ రెండింటితోనే 66 మందికి సరైన డయాగ్నోసిస్ దొరికింది. ఒళ్లు పరీక్షించాక అభిప్రాయం మారింది 7గురి విషయంలో. ల్యాబ్ పరీక్షల వల్ల మారింది మరో 7గురి విషయంలో. ఆ తర్వాత సీటీలు, ఎమ్మారైలు వచ్చాయి నిజమే. అయినా ఏ స్కాన్ రాయాలో తేల్చేది ఇవాళ్టికీ హిస్టరీయే.

మన ఓపీలో రోజూ జరిగేది చూడండి. యాభై దాటిన రైతు వచ్చి "గ్యాస్ పట్టేస్తోంది సార్, ఛాతీలో బరువుగా ఉంటోంది" అంటాడు. గ్యాస్ అన్న మాట చెవిన పడగానే సగం మంది విద్యార్థులు యాసిడ్ తగ్గించే మాత్ర వైపు వెళ్లిపోతారు. ఇంకొక్క నిమిషం ఆగితే ఆయనే చెబుతాడు: "కాలవ గట్టు ఎక్కేటప్పుడు పట్టేస్తుంది, కాసేపు కూర్చుంటే వదిలేస్తుంది. మొన్న మాత్రం కూర్చున్నా వదల్లేదు." గుండెకు రక్తం సరిగా అందడం లేదని చెప్పడానికి ఏ పాఠ్యపుస్తకమూ ఇంతకన్నా బాగా రాయదు. అందులోనూ ఆ చివరి వాక్యం వింటే ఆయన్ని ఇంటికి పంపించం, వెంటనే ఈసీజీ తీయిస్తాం.

ఆ ఒక్క నిమిషం ఎందుకు ఆగలేకపోతున్నాం? అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో డాక్టరు గదిలో సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నట్టు తేలింది. వదిలేస్తే రోగులు గంటల తరబడి మాట్లాడతారన్న భయమూ నిజం కాదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 335 మంది రోగులను వాళ్లంతట వాళ్లు ఆపేదాకా మాట్లాడనిచ్చారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం సగటున పట్టింది 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు.

క్లాసులో నిజంగా ఏం చేస్తారు?

వార్డు పోస్టింగ్‌లో ఉన్న పది పన్నెండు మందిని ఒక గదిలో కూర్చోబెడతాం. పవర్‌పాయింట్ ఉండదు. రెండు మూడు పేజీల కథో, ఒక కవితో ఇస్తాం. ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. తర్వాత ప్రశ్నలు: ఈ కథ ఎవరు చెబుతున్నారు? ఎవరి మాట మనకు వినపడలేదు? కాలం ఎక్కడ పరిగెత్తింది, ఎక్కడ నిలబడిపోయింది? మీకు ఇబ్బందిగా అనిపించిన వాక్యం ఏది? "ఈ కథలో నీతి ఏమిటి" అని మాత్రం అడగం. అలా అడిగితే స్కూల్లో తెలుగు పరీక్షకు రాసిన జవాబులే వస్తాయి.

ఒకసారి చదివిన కథలో భార్యకు జబ్బు. భర్త ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. పావుగంట చర్చ జరిగాక గానీ, ఆ కథ మొత్తంలో ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదని విద్యార్థులు గమనించలేదు. అడిగిన ప్రతిదానికీ భర్తే జవాబు చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు వార్డులో మా విద్యార్థిని ఒకామె హిస్టరీ తీసుకుంటోంది. మంచం మీద కడుపునొప్పితో ఉన్న కోడలు, పక్కన అన్నింటికీ జవాబు చెప్పేస్తున్న అత్తగారు. ఈ అమ్మాయి "పెద్దమ్మా, ఓపీ చీటీ కింద కౌంటర్లో ఉండిపోయినట్టుంది, తెచ్చిపెడతారా?" అని అత్తగారిని పంపించి, "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా" అంది. నెల తప్పిన సంగతి అప్పుడు బయటికొచ్చింది. వెంటనే గైనకాలజీ వాళ్లను పిలిచాం. పిల్లల్ని కనే వయసు స్త్రీ కడుపునొప్పితో వస్తే ఆ ప్రశ్న అడగాలని పుస్తకంలో ఉంది. కానీ నిజమైన జవాబు రావాలంటే గదిలో ఎవరుండాలో, ఎవరుండకూడదో పుస్తకం చెప్పదు.

చర్చ అయ్యాక ఐదు నిమిషాలు రాయిస్తాం. "రౌండ్స్ అయిపోయాక కూడా నా వెంట వచ్చిన మాట", "మంచం పక్కన కూర్చున్న మనిషి", ఇలాంటి చిన్న అంశాలు. ఇష్టమున్నవాళ్లు చదివి వినిపిస్తారు. రాసినదాని గురించే మాట్లాడాలి, రాసిన మనిషి గురించి కాదు. ఈ నియమం దగ్గర నేను చాలా పట్టుదలగా ఉంటాను.

ఇదే పని బొమ్మలతోనూ చేయొచ్చు. యేల్ యూనివర్సిటీలో చర్మవ్యాధుల ప్రొఫెసర్ ఇర్విన్ బ్రావర్మన్ తన విద్యార్థులను ఆర్ట్ మ్యూజియంకు తీసుకెళ్లి, ఒక్కో చిత్రం ముందు నిలబెట్టి, కంటికి కనిపించేది మాత్రమే వర్ణించమనేవారు. ఆ తర్వాత రోగుల ఫొటోలు చూపిస్తే, మ్యూజియంకు వెళ్లని విద్యార్థుల కంటే వీళ్లు ఎక్కువ వివరాలు పట్టుకున్నారు.

సమాంతర కేస్ షీట్ అంటే ఏమిటి?

నాకు అన్నింటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే. 1993లో రీటా షారన్ తన విద్యార్థుల కోసం తయారుచేశారు. ఆసుపత్రి కేస్ షీట్‌లో రాయాల్సినవి కొన్ని ఉంటాయి: లక్షణాలు, పరీక్షలు, మందులు. రాయకూడనివీ, రాయడానికి చోటు లేనివీ కొన్ని ఉంటాయి. "ఈయన్ని చూస్తే మా తాతయ్య గుర్తొచ్చారు" అని కేస్ షీట్‌లో రాయలేం. కానీ అది ఎక్కడో ఒకచోట రాయాలి. అందుకు వేరే నోట్‌బుక్ పెట్టుకుని, రోగి భాషలో కాకపోతే కనీసం మామూలు మనుషుల భాషలో రాయడమే సమాంతర కేస్ షీట్.

మా విద్యార్థి ఒకరు రాసింది చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. కేస్ షీట్‌లో ఇలా ఉంది: పురుషుడు, యాభై ఎనిమిదేళ్లు, చాలా ఏళ్లుగా షుగర్, కుడి పాదానికి పుండు, ఇన్సులిన్ సరిగా వాడటం లేదు, చికిత్సకు సహకరించడం లేదు. ఆ చివరి మాట ఒకసారి షీట్‌లో పడితే పీజీ నుంచి చీఫ్ దాకా అందరూ ఆ కళ్లద్దాల్లోంచే రోగిని చూస్తారు.

ఆ విద్యార్థి సాయంత్రం మళ్లీ వెళ్లి ఊరికే పక్కన కూర్చున్నాడు. పంటల గురించి, కూతురి పెళ్లి గురించి మాటలయ్యాక పెద్దాయన చెప్పాడట: "మా ఇంట్లో ఫ్రిజ్ లేదు బాబూ. సూదిమందు పక్కింటోళ్ల ఫ్రిజ్‌లో పెట్టుకునేవాణ్ణి. గోడ కాడ తగువొచ్చింది. ఇంక వాళ్ల గుమ్మం ఎక్కలేక మానేశా." విద్యార్థి తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు: "మేం ఇన్సులిన్ డోసు గురించి మూడు రోజులు చర్చించాం. సీసా ఎక్కడ పెట్టుకుంటావని ఎవరం అడగలేదు."

దీనివల్ల వైద్యం మారింది. వాడుతున్న ఇన్సులిన్ సీసాను మరీ వేడి లేని చోట ఫ్రిజ్ బయట సుమారు నాలుగు వారాలు ఉంచుకోవచ్చు. మన ఎండలకు అది కుదరదు కాబట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో చిన్న డబ్బా పెట్టి, అందులో సీసా ఉంచుకోమని చూపించాం. తెరవని సీసాలు ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం ఫ్రిజ్‌లో పెట్టించే ఏర్పాటు చేశాం. కేస్ షీట్‌లో "సహకరించడం లేదు" అన్న మాట కొట్టేసి, కారణం రాశాం.

రోగి సంగతులు ఇలా రాయడం, చదివి వినిపించడం తప్పు కాదా?

జాగ్రత్త లేకపోతే తప్పే. పేరు మార్చితే సరిపోదు. చిన్న ఊళ్లలో కులవృత్తి, ఊరి పేరు, జబ్బు చెబితే మనిషెవరో తెలిసిపోతుంది. కాబట్టి వయసు, ఊరు, వృత్తి, కుటుంబ వివరాలు మార్చాలి. ఆ నోట్‌బుక్ ఆసుపత్రి రికార్డు కాదు, కేస్ షీట్‌తో కలపకూడదు. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు అసలే కూడదు. ఎక్కడైనా అచ్చు వేయాలనుకుంటే రోగికి చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వద్దంటే అక్కడితో ఆపేయాలి.

మన ఎంబీబీఎస్ సిలబస్‌లో దీనికి చోటుందా?

ఉంది. 2019లో చేరిన బ్యాచ్ నుంచి అమలైన కొత్త పాఠ్యప్రణాళికతో పాటు ఏట్‌కామ్ వచ్చింది. వైఖరి, నైతికత, సంభాషణ నేర్పడానికి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2018లో తెచ్చిన ఈ పుస్తకంలో 27 మాడ్యూళ్లున్నాయి. మొదటి ఏడాది మాడ్యూళ్ల శీర్షికలే చూడండి: డాక్టర్ కావడం అంటే ఏమిటి, రోగి కావడం అంటే ఏమిటి, మన మొదటి గురువు ఆ మృతదేహమే. కథకు ఇంతకన్నా మంచి తలుపులు ఎవరు తెరుస్తారు? చాలా చోట్ల వీటిని ఒక లెక్చర్ ఇచ్చి, లాగ్‌బుక్‌లో సంతకాలు పెట్టించి ముగించేస్తున్నారు. అది నాకు బాధగా ఉంటుంది. గంటలు ఇప్పటికే టైమ్‌టేబుల్‌లో ఉన్నాయి, వాటిని నింపే పద్ధతి మార్చుకుంటే చాలు.

మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమం కూడా మంచి అవకాశం. ఒక విద్యార్థి అవే కొన్ని కుటుంబాలను ఏళ్ల తరబడి కలుస్తాడు కాబట్టి, జబ్బు కథ మధ్యలో తెగిపోకుండా చూడగలుగుతాడు.

మన దేశంలో ఢిల్లీలోని యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో 2009లోనే మెడికల్ హ్యుమానిటీస్ గ్రూప్ ఏర్పడింది. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోవాల్ నాటక పద్ధతిని వాళ్లు మెడికోలతో ఆడించారు. ప్రేక్షకుల్లో కూర్చున్నవాళ్లు లేచి పాత్ర స్థానంలోకి వెళ్లి కథ మార్చొచ్చు. రోగిని గద్దించే పీజీ పాత్రను ఎవరైనా లేచి మరోలా ఆడి చూపించొచ్చు.

ఒక్క ఓపీలో వందల మంది. కథలు వినడానికి టైమ్ ఎక్కడిది?

ఈ ప్రశ్నలో న్యాయముంది. 67 దేశాల లెక్కలు పరిశీలించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా ఉంది. మనం బంగ్లాదేశ్‌కే దగ్గర. డాక్టర్ల సంఖ్య, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఖాళీలు ప్రభుత్వాలు తేల్చాల్సిన విషయాలు. కథలు చదివితే ఆ కొరత తీరదు, తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

అయితే ఉన్న రెండు నిమిషాల్లో మొదటి అర నిమిషం నోరు మెదపకుండా వినొచ్చు. తల కంప్యూటర్ మీంచి ఎత్తి వినొచ్చు. "ఇంకేమైనా ఉందా?" అని రోగి లేచే ముందు కాకుండా మొదట్లోనే అడగొచ్చు. రోగి అసలు సంగతి గుమ్మం దగ్గర చెబితే మళ్లీ కూర్చోబెట్టాలి, అప్పుడు ఇంకా ఎక్కువ టైమ్ పోతుంది.

పసరు మందు, దిష్టి, గాలి సోకడం అంటారు. అవన్నీ వింటూ కూర్చుంటే మూఢనమ్మకాలను ప్రోత్సహించినట్టు కాదా?

వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. హార్వర్డ్‌లో మానసిక వైద్యుడు, మానవశాస్త్రవేత్త అయిన ఆర్థర్ క్లైన్‌మన్ 1970లలోనే రోగిని అడగాల్సిన కొన్ని ప్రశ్నలు సూచించారు. వాటిని మన ఓపీలో ఇలా అడుగుతాం: ఇది ఎందుకొచ్చిందని మీరనుకుంటున్నారు? ఇప్పుడే ఎందుకు మొదలైందంటారు? దీనివల్ల మీకు ఎక్కువ ఇబ్బంది ఏమిటి? దేనికి భయపడుతున్నారు?

పచ్చకామెర్లతో వచ్చిన కుర్రాణ్ణి "పసరు తాగావా?" అని గద్దిస్తే "లేదు సార్" అంటాడు. "ఇంట్లో ముందు ఏం వైద్యం చేయించారు?" అని మామూలుగా అడిగితే ఎవరి దగ్గర, ఎన్ని రోజులు తాగాడో చెబుతాడు. ఆ సంగతి లివర్ పరీక్షల ఫలితాలు అర్థం చేసుకోవడానికి తప్పనిసరిగా కావాలి. పథ్యం పేరుతో ఇంట్లో అన్నం, పప్పు మాన్పించేశారా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత పసరు ఆపమని గట్టిగా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. విన్నవాడు చెబితే వాళ్లూ వింటారు.

తెలుగు రాని విద్యార్థుల సంగతి?

ఆలిండియా కోటాలో వచ్చినవాళ్లకు ఎంబీబీఎస్ మొదట్లో ఉండే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని నిబంధన ఉంది. దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. మొదటి ఏడాది తెలుగు స్నేహితుడితో జంటగా వార్డుకు పంపితే బాగా పనిచేస్తుంది. నిజానికి ఇంగ్లీష్ మీడియంలో, హాస్టల్లో పెరిగిన మన పిల్లలకూ పల్లె మాట పట్టుబడటానికి టైమ్ పడుతుంది. వాళ్లకూ ఈ సాధన కావాలి.

ఎలాంటి కథలు ఎంచుకోవాలి? డాక్టర్ల కథలేనా?

డాక్టరు హీరోగా ఉండే కథలు తక్కువగా, రోగి వైపు నుంచి, కుటుంబం వైపు నుంచి చెప్పినవి ఎక్కువగా ఉండాలి. చిన్నవి కావాలి. జబ్బు గురించే కానక్కర్లేదు, ఆకలి, అప్పు, వలస, కులం, ముసలితనం, ఇవన్నీ వార్డులోకి వచ్చేవే. తెలుగు కథలో వీటికి కొదవ లేదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్టు రోగులకు ఏళ్ల తరబడి వైద్యం చేస్తూనే గొప్ప నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డి మనవారే అని విద్యార్థులకు చెప్పినప్పుడు వాళ్లలో వచ్చే ఉత్సాహం చూడాలి. ఆయన ఎక్కువగా రాసింది ఆసుపత్రుల గురించి కాదు, మట్టిలో బతికే మనుషుల గురించి.

దీనికి మార్కులు వేస్తారా?

రాసినదానికి వేయం. మార్కులు పెడితే పిల్లలు మేం ఏం వినాలనుకుంటున్నామో అది రాస్తారు, దయ కూడా బట్టీ పట్టేస్తారు. హాజరు చూస్తాం. హిస్టరీ తీసుకోవడంలో మార్పు వచ్చిందా అన్నది బెడ్‌సైడ్ క్లినిక్‌లో చూస్తాం.

ఇదంతా పనిచేస్తుందని రుజువుందా?

కొంత ఉంది, కొంత లేదు. 2010లో ఊసాగర్, జోహానెసెన్ అనే డెన్మార్క్ పరిశోధకులు ఈ అంశం మీద 245 వ్యాసాలు పరిశీలిస్తే, దీర్ఘకాలిక ప్రభావాన్ని చూపడానికి ప్రయత్నించినవి 9 మాత్రమే అని తేలింది. విద్యార్థులకు నచ్చిందని చెప్పే వ్యాసాలు కొల్లలు. పదేళ్ల తర్వాత ఆ డాక్టరు రోగులకు మేలు జరిగిందని చూపించడం కష్టం.

మరోవైపు, అమెరికాలో జెఫర్సన్ మెడికల్ కాలేజీలో హోజాట్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, విద్యార్థుల సహానుభూతి స్కోరు సరిగ్గా వార్డుల్లోకి అడుగుపెట్టే మూడో ఏట పడిపోయింది. అదే బృందం 2011లో 891 మంది షుగర్ రోగులను చూసింది. సహానుభూతి స్కోరు ఎక్కువున్న డాక్టర్ల దగ్గర షుగర్ అదుపులో ఉన్నవాళ్లు నూటికి 56 మంది, తక్కువున్న డాక్టర్ల దగ్గర 40 మంది. కథలు చదివితే ఆ స్కోరు నిలబడుతుందని దీనితో రుజువు కాదు. కానీ పడిపోయేది విలువైనదేనని మాత్రం తెలుస్తోంది. మన కాలేజీలు కూడా దీన్ని కొలవాలి.

ఇంత ఫీలైతే డాక్టరు గట్టిగా ఉండగలడా?

అమ్మానాన్నలు ఎక్కువగా అడిగేది ఇదే. పద్దెనిమిదేళ్లకు డిసెక్షన్ హాల్లోకి, ఆ తర్వాత కొన్నాళ్లకే క్యాజువాలిటీలోకి వెళ్లే పిల్లలు ఏమీ ఫీలవకుండా ఉండరు. చెప్పుకోవడానికి చోటుందా లేదా అన్నదే తేడా. మొదటిసారి చావును దగ్గరగా చూసిన రోజు రాత్రి హాస్టల్ గదిలో ఒంటరిగా టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను. అదే సంగతి పది మంది మధ్య చదివితే, "నాకూ అలాగే అయింది" అని ఇంకొకరు అంటారు. అయితే ఈ క్లాసు చికిత్స కాదు. ఎవరైనా నిద్ర లేకుండా, తిండి మానేసి, చనిపోవాలనిపిస్తోందని రాస్తే, ఆ రోజే సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లాలి.

పీజీ ఎంట్రన్స్‌కు ఇది పనికొస్తుందా?

ఒక్క మార్కు కూడా రాదు. వారానికి గంట పోతే ర్యాంకూ పోదు.

మా కాలేజీలో మొదలుపెట్టాలంటే?

అనుమతులు, కమిటీలు, నిధులు అంటూ ఆగొద్దు. ఏట్‌కామ్ గంట ఒకటి తీసుకోండి. పన్నెండు మందికి మించొద్దు, పెద్ద బ్యాచ్ అయితే విడగొట్టండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్‌ను పిలవండి, కథ చదివించడం వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. ఒక నర్సింగ్ సిస్టర్‌ను కూడా కూర్చోబెట్టండి. రోగుల కథలు రాత్రి డ్యూటీలో ఎక్కువగా వినేది ఆవిడే. తెలుగులో రాస్తామంటే తెలుగులో, ఇంగ్లీషులో రాస్తామంటే ఇంగ్లీషులో, రెండూ కలిపి రాస్తామన్నా సరేననండి. మొదటి రెండు మూడు వారాలు ఎవరూ చదవడానికి ముందుకు రారు. అప్పుడు అధ్యాపకులు తాము రాసింది చదవాలి. అందుకే మీరూ వాళ్లతో పాటు ఆ ఐదు నిమిషాలు పెన్ను పట్టుకుని కూర్చోండి, ఫోన్ చూసుకోవద్దు.